ఎనిమిదో లేన్ వాడు 53 మీటర్లు ముందు ఎందుకు నిలబడతాడు

ఒలింపిక్స్ జరిగినా, నీట్ రిజల్ట్స్ వచ్చినా, వరల్డ్ కప్‌లో మనోళ్ళు ఓడిపోయినా వాట్సాప్‌లో ఒక మెసేజ్ మాత్రం తప్పకుండా తిరుగుతుంది. "పరుగు పందెంలో రిజర్వేషన్ పెడతారా? క్రికెట్ టీంలో కోటా పెడతారా? మరి చదువుల్లో, ఉద్యోగాల్లో ఎందుకు?" అని. మా చుట్టాల గ్రూప్‌లో వచ్చింది, ఆఫీస్ గ్రూప్‌లో వచ్చింది, టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో కూడా వచ్చింది. కింద వరసగా చప్పట్లు, దండాలు. చాలాకాలం నేను దేనికీ జవాబు ఇవ్వలేదు, గ్రూపుల్లో వాదన పెట్టుకుంటే చుట్టరికాలు చెడతాయి తప్ప ఎవరి అభిప్రాయమూ మారదని. కానీ నాకు ఆటలంటే ప్రాణం, చిన్నప్పుడు నేను కూడా 400 మీటర్లు పరిగెత్తేదాన్ని, అందుకే ఆటల పేరు చెప్పి ఈ మాట అంటుంటే మాత్రం ఊరుకోలేకపోతున్నా. ఈ ప్రశ్న వేసేవాళ్ళు పందెం ఎలా ముగుస్తుందో చూశారు గానీ ఎలా మొదలవుతుందో ఎప్పుడూ సరిగ్గా చూసినట్టు లేరు.

400 మీటర్ల పరుగునే తీసుకోండి. ఎనిమిది మంది ఎనిమిది లేన్లలో ఉంటారు, కానీ ఒకే గీత మీద ఉండరు. లోపలి లేన్ వాడు అందరికంటే వెనక, పక్క లేన్ వాడు ఏడు మీటర్లు ముందు, ఆ పక్కవాడు ఇంకో ఏడున్నర మీటర్లు ముందు, అలా పోయి పోయి ఎనిమిదో లేన్ వాడు మొదటి లేన్ వాడికంటే 53 మీటర్లు ముందు నిలబడతాడు. ఏమీ తెలీకుండా చూస్తే ఇదెక్కడి అన్యాయం అనిపిస్తుంది. కానీ ట్రాక్ వంపు తిరుగుతుంది కదా, బయటి లేన్‌లో ఆ వంపు పొడుగు ఎక్కువ, ఆ 53 మీటర్లు ఇవ్వకపోతే అతను 400 కాదు, 453 మీటర్లు పరిగెత్తాల్సి వస్తుంది. దీన్ని స్టాగర్ అంటారు. ప్రపంచంలో ఏ మీట్‌లోనూ లోపలి లేన్ వాడు లేచి, ఎనిమిదో లేన్ వాడికి ఫ్రీగా 53 మీటర్లు ఇచ్చారు, నా మెరిట్ ఏం కావాలి అని గొడవ చేయడు.

మా గవర్నమెంట్ హైస్కూల్లో మండల లెవెల్ గేమ్స్ జరిగేవి. ముందురోజు సాయంత్రం పీఈటీ సార్ టేపు, మేకులు, పురికొస, ఒక పాత తట్టలో సున్నం పట్టుకుని గ్రౌండ్‌లోకి దిగేవారు. మధ్యలో మేకు కొట్టి, తాడు కట్టి, ఆ తాడు లాగి పట్టుకుని వంపు గీసుకుంటూ పోయేవారు, మేం వెనకాలే సున్నం పోసుకుంటూ నడిచేవాళ్ళం. లేన్ లేన్‌కీ వంపు ఎంత పొడుగొస్తుందో ఆయన కాగితం మీద లెక్కేసుకుని, ఆ లెక్క ప్రకారం ఒక్కో లేన్‌కీ స్టార్టింగ్ గీత కొంచెం కొంచెం ముందుకి జరిపేవారు. ప్రతి ఏడూ ఎవడో ఒకడు "సార్, వాడు ముందున్నాడు సార్" అని ఏడుపు మొహం పెట్టేవాడు. సార్ కోప్పడేవారు కాదు, వాణ్ణి తీసుకెళ్ళి బయటి లేన్ వెంబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక రౌండ్ నడిపించేవారు. తర్వాత లోపలి లేన్‌లో నడిపించేవారు. అంతే, వాడు మళ్ళీ నోరెత్తేవాడు కాదు.

గ్రౌండ్‌లో వంపు కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి ఎనిమిదో క్లాసు పిల్లాడికి కూడా అర్థమైపోతుంది. బయట ఆ వంపు కనపడదు, లోపలి లేన్‌లో పుట్టినవాళ్ళకి అసలే కనపడదు. తాత పేరు మీద రెండెకరాలు ఉండటం, ఇంట్లో ఎవరో ఒకరు అప్పటికే డిగ్రీ చదివి ఉండటం, ఫీజు కట్టే నెలలో అప్పు పుట్టడం, అద్దె ఇంటికి వెళ్తే "మీరేమిట్లు" అన్న ప్రశ్నకి గుండె దడ లేకుండా జవాబు చెప్పగలగడం, ఇంటర్వ్యూలో ఇంటిపేరు చదివాక ఎదుటివాడి మొహం మారకపోవడం, ఇవన్నీ మీటర్లే. వీటిని ఎవరూ టేపు పెట్టి కొలవరు కాబట్టి లేవనుకుంటాం.

ఇక్కడే ఇంకో మాట కూడా వస్తుంది, "మరి రేపు మీకు ఆపరేషన్ చేసే డాక్టర్ కోటా డాక్టర్ అయితే పర్లేదా" అని. పర్లేదు. ఎందుకంటే స్టాగర్ ఇచ్చేది స్టార్టింగ్‌లోనే, ఫినిషింగ్ లైన్ అందరికీ ఒకటే. ఎంబీబీఎస్ సీటు దగ్గర కటాఫ్ వేరుగా ఉండొచ్చు గానీ, ఫైనలియర్ పాస్ మార్కులు ఏ కులం వాళ్ళకైనా ఒకటే, అదే పేపర్, అవే ప్రాక్టికల్స్, అదే ఎగ్జామినర్. ఆ గీత దాటితేనే డాక్టర్. ఈ సంగతి తెలిసి కూడా ఆ మాట అనేవాళ్ళకి భయం ఆపరేషన్ గురించి కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సరే, ఆటల్లో కేటగిరీలు లేవా? 50 కేజీల అమ్మాయిని 76 కేజీల అమ్మాయితో కుస్తీకి దింపరు. బాక్సింగ్‌లో బరువులు, జూనియర్స్‌లో వయసులు, ఆడవాళ్ళకి వేరే ఈవెంట్లు, పారా క్రీడల్లో వైకల్యాన్ని బట్టి క్లాసులు. ఇవన్నీ తేడాని ఒప్పుకుని చేసిన ఏర్పాట్లే, తేడా లేనట్టు నటిస్తే ఆటే ఉండదు కాబట్టి. ఆ ఏర్పాటు లేనప్పుడు ఏమవుతుందో మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి కెరీర్ చూస్తే తెలుస్తుంది. 2000 సిడ్నీలో 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి బ్రాంజ్ తెచ్చింది, ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి భారతీయ మహిళ, ఇదంతా క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాల్లో అంతగా కనపడని సంగతి ఏంటంటే ఆమె 1994లో, 1995లో వరుసగా వరల్డ్ ఛాంపియన్. ప్రపంచంలోనే ఫస్ట్. మరి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఏమైంది? ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగే లేదు. మగవాళ్ళకి 1896లో, మొట్టమొదటి ఒలింపిక్స్‌లోనే పెట్టారు, ఆడవాళ్ళకి పెట్టడానికి నూటనాలుగేళ్ళు పట్టింది. ఫామ్‌లో ఉన్న ఒక వరల్డ్ ఛాంపియన్ ఒలింపిక్స్‌కి దూరంగా ఉండిపోయింది. మెరిట్ లేక కాదు కదా, మెరిట్ చూపించుకునే గేటు ఆమెకి ఇంకా తెరవలేదు అంతే.

ఆడవాళ్ళ క్రికెట్‌దీ ఇదే కథ. మిథాలీ రాజ్ కెప్టెన్‌గా 2005 వరల్డ్ కప్ ఫైనల్ దాకా వెళ్ళిన టీంకి మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ఇచ్చారని ఆవిడే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది, రిజర్వేషన్ లేని రైలు బోగీల్లో ప్రయాణాలు చేశారు. 2022లో మ్యాచ్ ఫీజు మగవాళ్ళతో సమానం చేశారు, టెస్ట్‌కి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. 2025 నవంబర్‌లో అదే దేశం వరల్డ్ కప్ గెలిచింది, అందులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి స్పిన్‌తో వికెట్లు తీసింది. "జనం చూడరు కాబట్టి డబ్బులు పెట్టం" అన్నవాళ్ళు, డబ్బులు పెట్టలేదు కాబట్టే జనం చూడలేదేమో అని ఒక్కసారైనా ఆలోచించి ఉంటే ఇంకెంత మంది శ్రీచరణిలు ఎప్పుడో వచ్చి ఉండేవాళ్ళో అని బాధేస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయానికి వస్తున్నా. జీవంజి దీప్తి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. అమ్మానాన్న కూలి పనులు చేసుకునేవాళ్ళు. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉంది, ఊళ్ళో కొంతమంది ఆ పిల్ల మొహం చూసి వెక్కిరించేవాళ్ళని, ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలేయమని సలహాలు కూడా ఇచ్చారని వాళ్ళమ్మే చెప్పింది. ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబేలో వరల్డ్ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు టీ20 అనే పారా క్లాస్‌లో (క్రికెట్ టీ20 కాదు) 55.07 సెకన్లలో పరిగెత్తి అప్పటికి వరల్డ్ రికార్డు కొట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో బ్రాంజ్. 55 సెకన్లు అంటే ఏంటో 400 పరిగెత్తినవాళ్ళకి తెలుస్తుంది, చివరి వంద మీటర్లలో కాళ్ళు ఇనుప కడ్డీల్లా బిగుసుకుపోయి ఊపిరి అందదు, మా మండలంలో ఫస్ట్ వచ్చిన నేను ఆ టైమ్ దరిదాపుల్లోకి కూడా వెళ్ళేదాన్ని కాదు.

దీప్తి పరిగెత్తిన ఆ టీ20 అనేది మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల క్లాస్. ఈ కేటగిరీని ఒకప్పుడు పారాలింపిక్స్‌లోంచి తీసేశారు. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ టీం ఈ విభాగంలో గోల్డ్ గెలిచింది, తర్వాత బయటపడింది ఏంటంటే ఆ టీంలోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు. దొంగ సర్టిఫికెట్లు. మోసం చేసింది వాళ్ళు, శిక్ష పడింది మాత్రం నిజంగా వైకల్యం ఉన్న పిల్లలందరికీ, 2004 ఏథెన్స్‌లో, 2008 బీజింగ్‌లో వాళ్ళకి అసలు మెడల్ ఈవెంట్లే లేవు. పరీక్షించే పద్ధతి గట్టిగా తయారు చేసుకుని 2012 లండన్‌లో మళ్ళీ తెచ్చారు. ఆ మధ్యలో ప్రపంచంలో ఎక్కడో ఒక దీప్తి ఉండి ఉంటుంది, ఆ పిల్ల వయసు ఆ సంవత్సరాల్లోనే అయిపోయి ఉంటుంది, ఆమె పేరు మనకెవరికీ తెలీదు.

మన దగ్గర దొంగ కుల సర్టిఫికెట్ల వార్త వచ్చిన ప్రతిసారీ, లేదా ఒక ఐఏఎస్ ఆఫీసర్ కొడుక్కి కోటాలో సీటొచ్చిన ప్రతిసారీ, "చూశారా, అందుకే మొత్తం ఎత్తేయాలి" అంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, నాకూ కోపం వస్తుంది, అది ఇంకో పేద పిల్లాడి సీటు కాబట్టి. కానీ ఎత్తేస్తే నష్టపోయేది మోసం చేసినవాడు కాదు. లండన్ నాటికి పారాలింపిక్స్ వాళ్ళు చేసిన పనే చేయాలి, కొలత సరిచేయాలి.

కొలత అంటే లేన్ లేన్‌కీ వేరు, ఇది కూడా ట్రాక్ మీదే ఉంది. రెండో లేన్‌కి ఏడు మీటర్లు, ఎనిమిదో లేన్‌కి 53. రెండో లేన్ వాణ్ణీ ఎనిమిదో లేన్ వాణ్ణీ ఒకే గీత మీద నిలబెడితే బయటివాడు మళ్ళీ నష్టపోతాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం అడిగింది సరిగ్గా ఇదే. ఎస్సీలు అంటే అంతా ఒక్కటి కాదు, లోపల మళ్ళీ లేన్లున్నాయి, అందరికీ కలిపి ఒకే గీత గీస్తే కొందరు ఎప్పటికీ వెనకే ఉంటారు అని. 2004లో సుప్రీం కోర్టు వర్గీకరణ కొట్టేసింది, ఇరవై ఏళ్ళ తర్వాత 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల బెంచ్ రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది, 2025లో ఎస్సీ కోటాని తెలంగాణ 1, 9, 5 శాతాలుగా, ఆంధ్ర 1, 6.5, 7.5 శాతాలుగా మూడు గ్రూపులు చేశాయి. ఆ అంకెలు సరైనవా కాదా అని వాదించొచ్చు, వాదించాలి కూడా. టేపు బయటికి తీసినందుకే నాకు సంతోషం.

ఇంతవరకూ చదివి ఆటలు చాలా న్యాయంగా ఉంటాయని నేనంటున్నాననుకోవద్దు. ఆటలో న్యాయం ఉండేది తుపాకీ పేలిన దగ్గర్నుంచి గీత దాటేదాకే, ఆ ముందూ వెనకా కథ వేరు. వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పని, హాస్పిటల్లో క్లీనింగ్ పని చేసింది. 100 మీటర్ల హర్డిల్స్‌లో నేషనల్ రికార్డు అప్పట్లో 13.38 సెకన్లు, 2002 నుంచి అలాగే ఉండేది. 2020 జనవరిలో మూడబిద్రిలో ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. రికార్డు ఇవ్వలేదు. ఎందుకయ్యా అంటే ఆ మీట్‌లో డోప్ టెస్ట్ చేయలేదు, ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి లేడు. ఇందులో ఆ పిల్ల చేసిన తప్పేంటి? టెస్ట్ చేసేవాళ్ళని తను పిలుచుకు రావాలా? 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తింది, అప్పుడు వెనక నుంచి తోసే గాలి సెకనుకి 2.1 మీటర్లు, రూల్ ప్రకారం 2.0 దాటకూడదు, మళ్ళీ రికార్డు లేదు. ఈ రెండోది బాధే గానీ అన్యాయం కాదు, గాలి అందరికీ ఒకటే, రూల్ అందరికీ ఒకటే. మొదటిది మాత్రం వ్యవస్థ తన పని తను చేయకుండా ఆ లోటుని ఒక పేద పిల్ల ఖాతాలో వేయడం. చివరికి మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేరు మీదికి వచ్చింది.

2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ నేను లైవ్‌లో చూశాను. తుపాకీ పేలకముందే పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యన్ని లేచిపోయింది, ఆ కదలిక చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు జ్యోతిని కూడా తప్పుకోమన్నారు. సొంత స్టేడియం, సొంత జనం ఎవరివి అంటే చైనావి. జ్యోతి వెళ్ళలేదు. అక్కడే నిలబడి నాది తప్పు కాదు, రీప్లే చూడండి అని వాదించింది, వాళ్ళు స్క్రీన్ చూశారు, చాలాసేపు తర్జనభర్జన పడి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. అంత గందరగోళం తర్వాత ఆ పిల్ల 12.91లో పరిగెత్తి మూడో స్థానం, తర్వాత వూ యన్నిని అనర్హురాలిగా తేల్చి జ్యోతికి సిల్వర్ ఇచ్చారు. కెమెరా ఉంది, అభ్యంతరం చెప్పుకుంటూనే పరిగెత్తొచ్చు అనే రూల్ ఉంది, కాబట్టి సెక్యూరిటీ గార్డు కూతురికి న్యాయం దొరికింది. మన సెలక్షన్ కమిటీ గదుల్లో, ప్రమోషన్ మీటింగుల్లో, బ్యాంకు లోన్ దగ్గర, పోలీస్ స్టేషన్‌లో ఆ కెమెరా లేదు. పరిగెత్తడం కొలవొచ్చు, "కెప్టెన్‌గా పనికొస్తాడా" అన్నది కొలవలేరు, కులం దూరేది సరిగ్గా అక్కడే. వందేళ్ళ కిందటి పల్వంకర్ బాలూకి జరిగింది అదే కదా. దళిత స్పిన్నర్, 1911 ఇంగ్లండ్ టూర్‌లో 114 వికెట్లు తీశాడు, వికెట్లు ఎవరూ కాదనలేకపోయారు, కానీ బొంబాయిలో ఆడే హిందూ టీంకి అతన్ని కెప్టెన్ మాత్రం చేయలేదు. టీ కూడా పెవిలియన్ బయట మట్టి కప్పులో ఇచ్చేవారు.

తుపాకీ పేలకముందు సంగతి ఇంకా ఘోరం. 2025 ఫిబ్రవరిలో బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ ఒక ఇంటర్వ్యూలో, డబ్బున్నవాళ్ళో ఫ్యామిలీ బిజినెస్ ఉన్నవాళ్ళో అయితే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని తల్లిదండ్రులకి చెప్తానన్నాడు. చాలామంది ఆయన్ని తిట్టారు. నేను తిట్టలేను. సొంత ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టినవాడు, సైనాని, సింధుని తయారు చేసినవాడు ఆ మాట అన్నాడంటే లోపల ఎంత చూసి ఉంటాడు. మంచి ఫెదర్ షటిల్స్ డబ్బా వేలల్లో ఉంది, గట్టిగా ప్రాక్టీస్ చేసేవాళ్ళకి అది ఎన్నాళ్ళో రాదు. కోచింగ్ ఫీజు, తిండి, ఫిజియో, టోర్నమెంట్లకి రైలు టికెట్లు, తోడు వెళ్ళే పెద్దవాళ్ళకి పోయే కూలి, ఇవన్నీ కలిపి చూస్తే నూటికి తొంభై ఇళ్ళల్లో ఆ ఆలోచనే రాదు.

మా స్కూల్లో నాకంటే బాగా పరిగెత్తే అమ్మాయి ఒకతి ఉండేది, ఎస్సీ హాస్టల్ నుంచి వచ్చేది. చెప్పుల్లేకుండా పరిగెత్తేది, 800 మీటర్లలో మగపిల్లల్ని కూడా దాటేది. టెన్త్ తర్వాత మార్కులు బాగున్నాయని ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీ వాళ్ళు ఫీజు తగ్గించి చేర్చుకున్నారు. ఆ కాలేజీ ఒక అపార్ట్‌మెంట్‌లో నడిచేది. తెల్లారుజామున స్టడీ అవర్ మొదలై రాత్రి పదింటికి ముగిసేది, పరిగెత్తడం మాట అటుంచి ఎండ మొహం చూడటానికే టెర్రస్ ఎక్కాలి. తప్పు ఆమెది అనలేం, వాళ్ళమ్మానాన్నదీ అనలేం, వాళ్ళకి ఉద్యోగం కావాలి, మెడల్ వస్తుందో రాదో ఎవరికి తెలుసు. రెండు రాష్ట్రాల్లో అలాంటి కాలేజీలు ఊరూరా ఉన్నాయి, పదహారు పదిహేడేళ్ళ వయసులో, ఒంట్లో బలం పెరిగే ఆ రెండేళ్ళలోనే పిల్లల్ని గదుల్లో పెట్టి తాళం వేస్తాం, తర్వాత ఒలింపిక్స్ వచ్చినప్పుడు 140 కోట్ల మందికి ఇన్నేనా మెడల్స్ అని టీవీ ముందు కూర్చుని తిడతాం.

ముందే పెట్టుబడి పెడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు, నిజామాబాద్ వైపు పాకాల అనే ఊరి గిరిజన అమ్మాయి, సోషల్ వెల్ఫేర్ గురుకులంలో చదివేది. ఆమెతో పాటు ఖమ్మం వైపు నుంచి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ళ తల్లిదండ్రులు దాచుకున్న డబ్బుతో కాదు, గురుకుల సొసైటీ ముందే ఎంపిక చేసి, ట్రైనింగ్ ఇచ్చి, బట్టల నుంచి బూట్ల దాకా ఖర్చు పెట్టి పంపింది. గురుకులం పిల్లలకి ఎవరెస్ట్ ఏంటి అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు.

పారిస్ నుంచి వచ్చాక తెలంగాణ ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. చాలా సంతోషం, ఆ పిల్ల కష్టానికి ఇంకా ఇచ్చినా తక్కువే. కాకపోతే ఇదంతా ఫినిషింగ్ లైన్ అవతల ఇచ్చేది. మెడల్ రాని పిల్లలకి, మెడల్ దాకా రాలేకపోయిన పిల్లలకి ఇందులో ఏమీ లేదు. స్టార్టింగ్ లైన్ దగ్గర కావాల్సినవి అంత ఖరీదైనవి కూడా కావు. ప్రతి హైస్కూల్‌కి ఒక పీఈటీ, ఆయన్ని ఎన్నికల డ్యూటీలకీ సర్వేలకీ పంపకుండా గ్రౌండ్‌లో ఉంచడం, స్కూల్ గ్రౌండ్‌కి సర్వే చేసి హద్దురాళ్ళు వేయడం, జిల్లా మీట్‌కి వెళ్ళే పిల్లలకి బస్ చార్జీ, భోజనం, ఒక జత స్పైక్స్, గ్రౌండ్ లేని జూనియర్ కాలేజీకి గుర్తింపు ఇవ్వకపోవడం. ఆడపిల్లల కోసం గ్రౌండ్ దగ్గర నీళ్ళు వచ్చే ఒక బాత్రూమ్, బట్టలు మార్చుకోడానికి గడియ పడే తలుపున్న ఒక గది కూడా ఆ లిస్టులో రాయండి, మా క్లాసులో సగం మంది అమ్మాయిలు ఆడటం మానేసింది అవి లేకే.